పద్దెనిమిది గజాల సముద్రయానం

తలుపు తట్టిన చప్పుడుకు లేచి చూస్తే అత్త. స్నానం చేసి, చీర మార్చుకుని, బొట్టు పెట్టుకుని నిలబడి ఉంది. "తెల్లారింది కద బిడ్డా, చాయ్ ఏడ దొరుకుతది?" అని అడిగింది. ఫోన్ చూశాను. రాత్రి రెండున్నర.

సింగపూర్ నుంచి బయల్దేరిన మూడు రాత్రుల క్రూయిజ్‌లో అది మా మొదటి రాత్రి. హనుమకొండ నుంచి ఆరుగురం వెళ్లాం. మేనమామ, అత్త, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు. రెండు గదులు తీసుకున్నాం. రెండూ ఓడ కడుపులో ఉన్నవి, కిటికీ లేనివి. లైటు వేస్తే పగలు, తీసేస్తే కటిక చీకటి. బయట నడవాలో దీపాలు రాత్రీ పగలూ ఒకే తీరుగా వెలుగుతుంటాయి. జీవితమంతా కిటికీలో వెలుగు చూసి లేచిన మనిషికి అక్కడ పొద్దు జాడ చెప్పేది ఏదీ లేదు. ఆ మూడు రాత్రులూ అత్తకు కంటి నిండా నిద్ర లేదు.

అదే గదిలో, పక్క మంచం మీద, మామ మాత్రం హాయిగా నిద్రపోయాడు. గోదావరిఖనిలో కొన్నేళ్లు, భూపాలపల్లిలో కొన్నేళ్లు బొగ్గుబాయిలో దిగి పనిచేసి రిటైరైన మనిషి. "బాయిల గిసొంటి చీకటే ఉంటది. ఇక్కడైతే చల్లగాలి గూడ ఉన్నది" అన్నాడు.

ఒకే గది ఒకరికి సుఖం, ఒకరికి శిక్ష అయింది. తిరిగొచ్చాక ఆ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు, ఎందుకంటే గది ఎంచినవాణ్ని నేనే. ఏజెంట్ చూపించిన రంగుల పుస్తకంలో ఈతకొలను, నాటకశాల, రాత్రివేళ దీపాలతో మెరిసే ఓడ ఉన్నాయి. గది బొమ్మ ఒక మూలన చిన్నగా ఉంది. నేను ఓడను చూసి డబ్బు కట్టాను. నిజానికి కొన్నది అందులోని ఒక గదిని. మన వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి సింగపూర్ టూర్‌తో పాటు క్రూయిజ్ కూడా కలిపి వెళ్తున్న కుటుంబాలు ఇప్పుడు బాగా పెరిగాయి. వాళ్లలో చాలామంది మొహం వేలాడేసుకుని రావడానికి కారణం సముద్రం కాదు. ఆ గది ఎక్కడుంది, పైన ఏముంది, లోపల ఏది ఎట్లా పనిచేస్తుంది అన్న సంగతి ముందుగా తెలియకపోవడం.

గజాల లెక్క

క్రూయిజ్ ఓడల్లో గదులు స్థూలంగా నాలుగు తరగతులు. కిటికీ లేని ఇన్‌సైడ్, తెరుచుకోని అద్దపు కిటికీ ఉన్న ఓషన్‌వ్యూ, బాల్కనీ ఉన్నది, ఆపైన సూట్. మామూలు ఇన్‌సైడ్ గది 140 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది. మన దగ్గర జాగా కొలిచేది గజాల్లో కాబట్టి అట్లాగే చెబుతాను. 160 చదరపు అడుగులంటే పద్దెనిమిది గజాలు. అందులోనే మంచం, అల్మారా, బల్ల, స్నానాల గది. మనం ఇల్లు కట్టుకునే 150 గజాల ప్లాటులో ఎనిమిదో వంతు కూడా కాదు.

ఇద్దరికి ఆ జాగా సరిపోతుంది. నలుగురికి కూడా అదే గది ఇస్తారు. మూడో మంచం, నాలుగో మంచం గోడలోంచో పైకప్పులోంచో కిందికి దింపుతారు, రైలు బెర్తు లాగా. ఏసీ త్రీటైర్‌లో వైజాగ్ దాకా ఒక రాత్రి అట్లా పడుకోవడం వేరు. మూడు నాలుగు రోజులు సామాన్లు, తడి బట్టలు, పిల్లల అలకలతో సహా అందులోనే ఉండటం వేరు. నలుగురుంటే ఒక పెద్ద గదికన్నా ఎదురెదురుగా రెండు చిన్న గదులు నయం. రెండు స్నానాల గదులు దొరకడమే పొద్దున పూట సగం గొడవ తీరుస్తుంది.

గదులు ఇంత చిన్నగా ఎందుకు కడతారు? ఓడ వ్యాపారం టికెట్టు దగ్గర ఆగదు. మద్యం, క్యాసినో, ఇంటర్నెట్, ఫొటోలు, రేవులో దిగి తిరిగే బస్సు యాత్రలు, ఇవన్నీ ఆదాయమే. ప్రయాణికుడు గదిలో కూర్చుంటే ఇవేవీ జరగవు. అందుకే జాగా అంతా గది బయటి హంగులకు పోతుంది. అయినా గదికి వెలుతురు కావాలన్న ఆశ జనానికి పోలేదు. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్ అనే ఓడలో ఒక్క ఇన్‌సైడ్ గది కూడా లేకుండా అన్నీ బయటివైపుకే కట్టారు. 2011లో డిస్నీ డ్రీమ్ అనే ఓడలో లోపలి గదులకు గుండ్రటి తెరలు బిగించి, బయటి కెమెరాలు చూపే సముద్రాన్ని వాటిలో కనిపించేట్టు చేశారు. అత్తలాంటి వాళ్ల బాధ ఓడ కట్టేవాళ్లకూ తెలిసిందేనన్నమాట.

ఓడ పెద్దదైతే విశాలంగా ఉంటుందనుకోవడం మరో పొరపాటు. "రెండున్నర లక్షల టన్నుల ఓడ" అంటుంటారు. అది బరువు కాదు. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ లోపల మూసి ఉన్న జాగా ఎంతో చెప్పే లెక్క. 1969లో చాలా దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం ప్రకారం దాన్ని కడతారు. మన మానిక, కుంచం, పుట్టి లాంటిదే. అవి కూడా కొలతలే, తూకాలు కావు. ఈ లెక్కను జనం సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్కరి వంతుకు ఎంత జాగా వస్తుందో తెలుస్తుంది.

2024 జనవరిలో మొదటి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పొడవు 365 మీటర్లు, దాదాపు పదిహేను రైలుబోగీలంత. దాని టన్నేజ్ 2,48,663. టైటానిక్ 46,328, అంటే దానికి అయిదు రెట్ల పైమాటే. గదికి ఇద్దరు చొప్పున లెక్కేస్తే ఐకాన్‌లో పట్టేది 5,610 మంది. భాగిస్తే 44 వస్తుంది, మంచి జాగానే. కానీ మడత మంచాలు కూడా నిండితే 7,600 మంది పడతారు. అప్పుడు అదే లెక్క 33కి దిగుతుంది. ఓడ మారలేదు, సెలవులు వచ్చాయంతే. బడి సెలవుల్లో, క్రిస్మస్ రోజుల్లో లిఫ్టు దగ్గర, టిఫిను దగ్గర, కొలను పక్క కుర్చీల దగ్గర కనిపించే తోపులాట ఇదే. మేము వెళ్లింది ఎండాకాలం సెలవుల్లో. దోసె కోసం వరుసలో నిలబడి మా చిన్నది అలిసిపోయి నేల మీద కూర్చుండిపోయింది.

ఏతం కొన మీద కూర్చుంటే

రెండో రాత్రి గాలి లేచింది. పెద్ద తుఫానేమీ కాదు, అయినా పెద్ద పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. మా గది ఓడ ముందు భాగంలో, ముక్కుకు దగ్గరగా ఉంది. అప్పటికి ఆ రెంటికీ ఉన్న సంబంధం నాకు తెలియదు.

పాత రోజుల్లో మన ఊళ్లలో బావుల మీద ఏతాలు ఉండేవి. నడుమ ఒక నిట్టాడు, దాని మీద పొడవాటి దూలం. మనిషి దూలం మీద అటూ ఇటూ నడిస్తే కొనలు నిలువెత్తు లేచి దిగుతాయి. నడుమన, నిట్టాడు మీద, కదలిక దాదాపు ఉండదు. అలల మీద ఓడ కూడా అంతే. ముందూ వెనకా కొనలు లేచి పడుతుంటే నడిమి భాగం మెల్లగా ఊగుతుంది. పక్కలకు ఒరగడం కూడా ఉంటుంది. తాటిచెట్టు మొదలు కదలకున్నా తల ఊగినట్టు, నీటిమట్టానికి దగ్గరగా ఉన్న అంతస్తుల్లో ఆ ఊపు తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. కాబట్టి కడుపులో తిప్పేవాళ్లకు, పెద్దవాళ్లకు, గర్భిణులకు మంచి చోటు ఓడ పొడవులో నడుమ, ఎత్తులో కింద.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. ఖరీదైన గదులు చాలావరకు పై అంతస్తుల్లో ఉంటాయి, కొన్ని సరిగ్గా ముందు కొనన ఉంటాయి. చూపు బాగుంటుంది, ఊపు కూడా అక్కడే ఎక్కువ. డబ్బు ఎక్కువ పెడితే కుదుపు తగ్గుతుందన్న నమ్మకం బస్సులో నిజమేమో, ఓడలో కాదు.

"ఇప్పటి ఓడలకు స్టెబిలైజర్లు ఉంటాయి సార్, కదలిక తెలియనే తెలియదు" అని ఏజెంట్లు చెబుతారు. సగమే నిజం. స్టెబిలైజర్లంటే నీటి కింద రెండు పక్కలా చాచే చేపరెక్కల వంటివి. అల ఒక పక్కకు ఒరగదోస్తుంటే ఆ రెక్కలు వాలు మార్చుకుని ఎదురు తోపు ఇస్తాయి. పక్కల ఒరుగుడును అవి బాగా తగ్గిస్తాయి. కొనలు లేచి పడటాన్ని మాత్రం ఆపలేవు. పైగా అవి పనిచేయాలంటే ఓడ ముందుకు సాగుతుండాలి, విమానం రెక్కకు గాలి కావాలన్నట్టు.

వాంతికి మూలం కడుపులో లేదు, చెవిలో ఉంది. లోపలి చెవి "కదులుతున్నాం" అని మెదడుకు చెబుతుంది. గదిలో గోడలు చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. ఆ పొంతన లేకపోవడమే తల తిప్పుడు. బయటికి వచ్చి దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీత చూస్తే కన్నూ చెవీ ఒక మాట మీదికి వస్తాయి. కిటికీ లేని గదిలో ఆ గీత దొరకదు. మా పిల్లను ఎత్తుకుని పైన గాలిలోకి తీసుకుపోతే అరగంటలో తేరుకుంది. బస్సు ప్రయాణాలకు మనం వేసుకునే అవోమిన్ లాంటి మాత్రలు పనికొస్తాయి, కానీ తిప్పుడు మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. మత్తు వస్తుంది. కంటిలో నీటికాసులు ఉన్నవాళ్లు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా వేసుకోవద్దు.

సముద్రం ఎప్పుడు ఎట్లా ఉంటుందో కొంత ముందే తెలుసుకోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం నైరుతి గాలులతో రేగి ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫాన్ల కాలాలు రెండు. రుతుపవనాలకు ముందు, ముఖ్యంగా మే నెల. ఆ తరువాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. విశాఖను చిదిమేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది. మనకేమో బతుకమ్మ, దసరా సెలవులు ఆ రోజుల్లోనే వస్తాయి. మన తీరంలో ఓడ ఎక్కాలనుకునేవాళ్లకు సంక్రాంతి తర్వాతి వారాలు, ఫిబ్రవరి నెల నెమ్మదిగా ఉంటాయి.

పైన ఏముంది, కింద ఏముంది

మా గది పైన వంటశాల. తెల్లవారుజామున నాలుగున్నరకు బండ్లు దొర్లడం మొదలయ్యేది. ఇనుప నేల మీద ఇనుప చక్రాలు.

తిరిగొచ్చాక ఆ ఓడ డెక్ ప్లాన్ ప్రింటు తీసి మామ ముందు పెట్టాను. డెక్ ప్లాన్ అంటే ఒక్కో అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే పటం. దాదాపు ప్రతి క్రూయిజ్ కంపెనీ వెబ్‌సైట్‌లోనూ ఉంటుంది. మామ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది నక్షనే కదరా. పోయే ముందు చూపియ్యకపోతివి" అన్నాడు. బాయిలో పనిచేసినవాళ్లకు నక్ష అంటే ప్రాణం. తలమీద ఏ పొర ఉంది, కింద పాత పని ఏమన్నా జరిగిందా, గాలి ఎటునుంచి వస్తుంది అన్నది దాన్ని చూసే తెలుసుకుంటారు. మా గది మీద వేలు పెట్టి, పై అంతస్తు కాగితం దాని మీద సరిగ్గా పేర్చి, దీపానికి ఎత్తి పట్టి చూశాడు. గది పైన పటంలో ఏ పేరూ లేని తెల్లటి జాగా ఉంది. "ఇదేంది?" అన్నాడు. పటంలో ఏమీ రాయకుండా వదిలేసిన చోట్లు పనివాళ్లు తిరిగేవి, వంటశాలలు, సామాన్ల గదులు అయి ఉంటాయి. ఖాళీగా కనిపించే చోటే చప్పుడు ఎక్కువ.

మామ చేసిన పద్ధతే సరైన పద్ధతి. మూడు అంతస్తుల కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. పైనా కిందా, అటూ ఇటూ గదులే ఉంటే ఆ గది ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే రాత్రిపూట అందరూ పడుకుంటారు. పైన ఈతకొలను ఉంటే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడు తప్పదు. కింద నాటకశాల, డాన్సు హాలు ఉంటే అర్ధరాత్రి దాకా డప్పుల అదురు గోడల్లోకి వస్తుంది. చివరన, కింది అంతస్తుల్లో ఉంటే ప్రొపెల్లర్ల వణుకు. ముందు భాగంలో కింద ఉంటే రేవులోకి చేరే వేళ, అంటే చాలాసార్లు తెల్లవారకముందే, ఓడను పక్కకు తోసే థ్రస్టర్ల హోరు, లంగరు వేస్తే గొలుసు మోత. రెండు గదుల మధ్య తలుపు ఉన్న కనెక్టింగ్ గది కుటుంబానికి మేలు, కానీ పక్కన పరాయివాళ్లు ఉంటే వాళ్ల మాటలన్నీ మన చెవిన పడతాయి. లిఫ్టుకు మరీ ఎదురుగా వద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మరీ దూరమూ వద్దు. మూడు వందల మీటర్ల నడవా రోజుకు నాలుగుసార్లు నడవాలంటే మామూలు మాట కాదు.

కిటికీ ఉన్న గది అని మురిసిపోయేముందు కూడా నక్ష చూడాలి. లైఫ్‌బోట్లు ఓడ పక్కల వేలాడుతుంటాయి. ఆ వరుసలో ఉన్న కిటికీలకు సముద్రం బదులు పడవ వీపు కనిపిస్తుంది. వీటిని అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ అంటారు, ధర తక్కువ. వెలుతురు చాలు అనుకునేవాళ్లకు ఇది మంచి బేరమే. నాకు ముందే తెలిసుంటే అత్తకు అదే తీసుకునేవాణ్ని.

ఇప్పుడు అసలు దెబ్బ తగిలిన మాట చెప్పాలి. గది గురించి అడిగితే "గ్యారంటీ క్యాబిన్ సార్" అన్నాడు ఏజెంట్. గ్యారంటీ అనగానే, మంచి గదికి హామీ ఇస్తున్నాడనుకున్నాను. ఫ్యాను కొన్నా, మిక్సీ కొన్నా ఆ మాటకు మనకున్న అర్థం అదే కదా. క్రూయిజ్ వ్యాపారంలో దాని అర్థం వేరు. ఫలానా తరగతిలో ఏదో ఒక గది తప్పకుండా ఇస్తాం, ఏదన్నది మా ఇష్టం. గది నంబరు చివరి రోజుల్లో చెబుతారు. ఎంచుకునే హక్కు వదులుకుంటున్నాం కాబట్టి ధర తగ్గుతుంది. ఎవరూ కోరి తీసుకోని గదులు అట్లా పోతుంటాయి. ఒంటరిగా వెళ్లే కుర్రవాడికి ఇది బాగానే పనికొస్తుంది. పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటేసుకుని వెళ్లేవాళ్లు ఆ మాట వినగానే ఆగి, నంబరు అడగాలి.

ఇనుప గోడలు, నీళ్లు, గాలి

ఓడ గది మన ఇళ్ల లాగా ఇటుక మీద ఇటుక పేర్చి కట్టింది కాదు. ఫ్యాక్టరీలో మంచం, స్నానాల గది, వైర్లు, గొట్టాలతో సహా పెట్టెలా తయారుచేసి, ఓడ అస్థిపంజరంలోకి తోసి బిగిస్తారు. గోడలు ఉక్కు రేకులు, మధ్యలో మంటకు ఓర్చే ఖనిజపు ఉన్ని. అందుకే మేకు దిగదు, అయస్కాంతం మాత్రం అంటుకుంటుంది. నాలుగు అయస్కాంతపు కొక్కేలు తీసుకెళ్తే తువ్వాళ్లకు, సంచులకు చోటు దొరుకుతుంది. చిన్న గదిలో అది పెద్ద సాయం.

అంతా ఉక్కే అయినా నిప్పంటే ఓడలో అంత భయం ఎందుకంటే, పారిపోవడానికి వీధి లేదు. టైటానిక్ మునిగాక 1914లో మొదలైన సముద్ర భద్రతా ఒప్పందం, 1974 నాటి దాని రూపంలో, ఇప్పటికీ ఓడలను నడిపిస్తోంది. 2006లో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడ బాల్కనీల్లో మంట లేచి గది నుంచి గదికి పాకాక బాల్కనీల సామగ్రి మీద కూడా నిబంధనలు బిగించారు. ఈ కారణంగానే ఇస్త్రీ పెట్టె, కొవ్వొత్తి, అగరుబత్తి గదిలో వాడనివ్వరు. చాలా ఓడల్లో సొంత కెటిల్ కూడా వద్దంటారు. అత్త రోజూ దీపం పెట్టనిదే మంచినీళ్లు ముట్టదు. ఆ సంగతి అక్కడ చెప్పడం కష్టమైంది. చేతులు జోడించి దండం పెట్టుకుని ఊరుకుంది, కానీ ఆ మూడు రోజులూ ఏదో వెలితిగానే ఉంది. ఇంటి దగ్గరే ఈ మాట చెప్పి ఉంటే మనసు సర్దుకునేది. ఇంట్లో చేసిన తినుబండారాలకు కూడా చాలా ఓడలు ఒప్పుకోవు. కంపెనీ సీలు ఉన్న పొట్లాలను మాత్రం పోనిస్తారు. డబ్బా నిండా సకినాలు మోసుకుపోయి గేటు దగ్గర వదిలేసి రావడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

స్నానాల గది గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. మనవాళ్ల ఇబ్బందుల్లో సగం అక్కడే. బకెట్టు, చెంబు ఉండవు. టాయిలెట్ పక్కన నీళ్ల పైపు చాలా ఓడల్లో ఉండదు, కాగితమే. ఒక ప్లాస్టిక్ మగ్గు గానీ, మూతికి రంధ్రాలున్న చిన్న సీసా గానీ వెంట పెట్టుకుంటే ఈ బాధ తీరుతుంది. నీళ్లు మాత్రం షవర్ గుంటలోనే పడాలి, గదంతా తడిపితే దారి దొరక్క నడవాలోకి వస్తాయి. గడప ఎత్తుగా ఉంటుంది. చీకట్లో తట్టుకుని పడే ప్రమాదం పెద్దవాళ్లకు ఎక్కువ, చిన్న బెడ్‌లైటు ఒకటి రాత్రంతా వెలుగుతుంటే మంచిది.

టాయిలెట్ నీటి వేగంతో కాదు, గాలి పీల్పుతో పనిచేస్తుంది. మీట నొక్కగానే గొట్టంలోని శూన్యం అంతటినీ ఒక్క గుక్కలో లాగేస్తుంది. పెద్ద చప్పుడు వస్తుంది, పిల్లలు జడుసుకుంటారు. నీరు లీటరు దాకా మాత్రమే పడుతుంది. అన్ని గదుల గొట్టాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు తడి వైప్సో, పిల్లల డైపరో వేస్తే వరుసగా పది గదుల వాళ్లు అవస్థ పడతారు. కరెంటు పోతే పీల్పూ పోతుంది. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడకు ఇంజన్ గదిలో మంట లేచి, కరెంటు లేక, నాలుగు వేల మందికి పైగా జనం గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో రోజుల తరబడి పనిచేయని టాయిలెట్ల మధ్య గడిపారు. ఓడను మరో పడవలతో లాక్కుని అలబామా రేవుకు చేర్చాల్సి వచ్చింది.

ఓడలో వాంతులు, విరేచనాలు ఒకేసారి చాలామందికి అంటుకుంటే ఎక్కువసార్లు కారణం నోరోవైరస్. జేబులో పెట్టుకునే శానిటైజర్‌కు అది సరిగా లొంగదు. సబ్బు, పారే నీళ్లు కావాలి. చేతులు కడుక్కుని తినే మన అలవాటు అక్కడ అక్షరాలా మందు.

గాలి సంగతి మరొకటి. గదిలోకి వచ్చేది ఎక్కడో చల్లబరిచి గొట్టాల్లో పంపిన గాలి. గోడ మీద మీట తిప్పితే కొంత తేడా వస్తుంది, పూర్తిగా ఆగదు. అత్త శాలువా కప్పుకునే కూర్చునేది. బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే చాలా ఓడల్లో ఆ గది ఏసీ దానంతటదే ఆగిపోతుంది. లేకుంటే ఉక్కపోత లోపలికి వచ్చి చల్లటి గోడల మీద నీరు కమ్ముతుంది. పక్క గదుల చల్లదనం కూడా దెబ్బతింటుంది.

దిగని రేవు, తీరని ఫిర్యాదు

మూడో రోజు ఒక దీవి దగ్గర దిగాలి. అక్కడ ఓడ ఒడ్డుకు ఆనదు, లోతు చాలదు. దూరంగా ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు, వీటిని టెండర్ అంటారు. అలలు ఎక్కువగా ఉన్నాయని ఆ రోజు పడవలు దింపలేదు. రిసెప్షన్ దగ్గర పెద్ద గొడవ. మనవాళ్లే ఒకాయన "డబ్బులు కట్టినం, దించాల్సిందే" అని బల్ల గుద్దాడు.

ఆయన కోపం నాకు అర్థమైంది, కానీ అది వీగిపోయే వాదన. ప్రయాణికుల భద్రత కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయాన్ని ఓడ యజమాని కూడా అడ్డుకోకూడదని అంతర్జాతీయ నిబంధన. టికెట్టు షరతుల్లో రేవు మార్చే, మానేసే హక్కు కంపెనీకి రాసి ఉంటుంది. మామూలుగా వెనక్కి వచ్చేది ఆ రేవు కోసం తీసుకున్న పన్నులు, రుసుములు మాత్రమే. కంపెనీ ద్వారా బుక్ చేసిన బస్సు యాత్ర డబ్బు కూడా ఇస్తారు. బయట మనమే మాట్లాడుకున్న బండికి కట్టిన అడ్వాన్సుకు వాళ్ల బాధ్యత లేదు.

చెప్పిన తరగతి ఇవ్వకపోవడం, ఏసీ చెడిపోవడం, నీళ్లు కారడం, పరుపుకు తడివాసన, ఇవి వేరే కోవ. ఇక్కడ మన మాటకు బలం ఉంది, సమయం తప్పకపోతే. మొదటి రోజే గెస్ట్ సర్వీసెస్‌కు చెప్పి, వాళ్లు రాసుకున్న కాగితమో, పంపిన సందేశమో దగ్గర పెట్టుకోవాలి. ఫొటోలు, చప్పుడైతే వీడియో తీయాలి. ఇల్లు చేరాక మొదటిసారి చెబితే "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అన్న ఒక్క ప్రశ్నతో కథ ముగుస్తుంది. ఓడలో ఎక్కడో ఒక గది ఖాళీ ఉంటే మొదటి రోజు మారుస్తారు, మూడో రోజు మార్చి లాభమేమిటి?

విదేశీ కంపెనీల టికెట్టు షరతుల్లో దావా ఏ ఊరి కోర్టులో వేయాలో కూడా రాసి ఉంటుంది. అటువంటి షరతు చెల్లుతుందని 1991లోనే అమెరికా సుప్రీంకోర్టు ఒక క్రూయిజ్ కేసులో చెప్పింది. కాబట్టి మన ఊళ్లో మనకు అమ్మిన ఏజెంట్ ఇచ్చే రసీదు, వాట్సాప్‌లో ఆయన రాసిన మాటలు చాలా విలువైనవి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, గడువు రెండేళ్లు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. "కిటికీ ఉంటుంది" అని నోటిమాట చెప్పిన ఏజెంట్‌తో ఆ మాటే మెసేజ్‌లో రాయించుకోవడం మర్యాద తక్కువ పనేమీ కాదు.

ధరలో కలవని ఖర్చుల్ని కూడా అప్పుడే అడగాలి. అనేక కంపెనీలు సిబ్బంది టిప్పుల పేరున మనిషికి రోజుకు ఇంత అని లెక్కలో వేస్తాయి. అమెరికన్ కంపెనీల్లో అది 15 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. ఓడ డాక్టర్ ఫీజు వేరే, కాబట్టి బీమాలో సముద్రయానం కూడా కలిసి ఉందో లేదో చూడాలి. నడిసముద్రంలో ఫోన్ ఓడ సొంత టవర్‌కు తగులుకుంటే వచ్చే బిల్లు గుండె ఆగేంత ఉంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఓడ వైఫై కొనుక్కోవాలి. సింగపూర్‌లో ఎక్కి వేరే దేశం తాకి మళ్లీ సింగపూర్‌లో దిగడం రెండో ప్రవేశం కింద లెక్క. వీసా అందుకు సరిపోయేదేనా అన్నది హనుమకొండలోనే చూసుకోవాలి.

మొన్న సంక్రాంతికి మామ వాళ్లింట్లో మళ్లీ ఓడ మాట వచ్చింది. విశాఖలో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది కదా, అక్కడి నుంచి చెన్నై వైపు పోయే ఓడ ఉన్నప్పుడు పోదామన్నాడు మామ. వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్కితే పొద్దుటికి విశాఖ. అత్త వద్దంటుందేమోనని నేను చూస్తున్నాను. ఆమె అడిగింది ఒక్కటే, "పొద్దు ఏ పక్కకెళ్లి లేస్తది?"

మామ పాత డెక్ ప్లాన్ కాగితాలు తీసుకొచ్చి నేల మీద పరిచాడు. విశాఖ నుంచి దక్షిణానికి పోయే ఓడకు తూర్పు ఎడమవైపు. ముక్కు దగ్గర వద్దు, తోక దగ్గర వద్దు. పైన గదులుండాలె, కింద గదులుండాలె. వేలితో లెక్కబెట్టుకుంటూ పోయి, ఓడ నడుమ, కింది వరుసలో, ఎడమ పక్క కిటికీ ఉన్న ఒక గది చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. అత్త ఆ కాగితం తీసుకుని క్యాలెండర్ వెనక పెట్టింది.